అంతా ముందే రాసుంటే మనం చేసేదేంటి? ఆజీవికుల కథ

పోయిన ఎపిసోడ్ తర్వాత ఒక తమ్ముడు నాకు మెసేజ్ పెట్టాడు. గ్రూప్స్ రెండుసార్లు రాశాడంట, రెండుసార్లూ కొద్ది మార్కుల్లో పోయిందంట. వాళ్ళింట్లో ఒక పెద్దాయన జాతకం చూసి నీకు ప్రభుత్వోద్యోగ యోగం లేదురా అని తేల్చేశాడు. తమ్ముడి ప్రశ్న ఒక్కటే. "అన్నా, అంతా ముందే రాసిపెట్టి ఉంటే నేను చదవడం ఎందుకు? రాసిపెట్టి లేకపోతే ఇంత చదివినా ఎందుకు రాలేదు?"

రిప్లై టైప్ చేశా, డిలీట్ చేశా. మళ్ళీ టైప్ చేశా, మళ్ళీ డిలీట్. మోటివేషన్ రెండు లైన్లు కొట్టి పంపేయొచ్చు, అవి వాడికి ఇప్పటికే వంద వచ్చుంటాయి. పైగా ఈ ప్రశ్న నాకూ సొంతదే. అదెందుకో చివర్లో చెప్తా. ముందు హిస్టరీ చెప్పుకుందాం, ఎందుకంటే సుమారు 2,500 ఏళ్ళ కింద మన దేశంలోనే ఒకాయన ఈ ప్రశ్నకి అస్సలు మొహమాటం లేకుండా జవాబు చెప్పాడు. నీ చేతుల్లో ఏమీ లేదు అన్నాడు. కొంచెం కూడా లేదు అన్నాడు. ఆయన పేరు మక్కలి గోశాలుడు. ఆయన దారిలో నడిచినవాళ్ళని ఆజీవికులు అంటారు.

బుద్ధుడు, మహావీరుడు మనందరికీ స్కూల్ నుంచే తెలుసు. గోశాలుడు వాళ్ళిద్దరి కాలంవాడే, అవే ఊళ్ళలో తిరిగినవాడే. ఆజీవికుల గురించి మాత్రం మన సోషల్ పుస్తకంలో మహా అయితే ఒక లైన్ ఉంటుంది. నేను బీటెక్ అయిపోయి ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయ్యేదాకా ఆ పేరు వినలేదు. అలాగని వాళ్ళేమీ చిన్న గుంపు కాదు. మొదలైన రోజుల నుంచి లెక్కేస్తే దాదాపు 1,800 ఏళ్ళు బతికిన మతం అది.

మొన్న బీహార్ వెళ్ళినప్పుడు బరాబర్ గుహలు చూసొచ్చా. గయకి ఉత్తరంగా ఓ పాతిక కిలోమీటర్లు, జహానాబాద్ జిల్లాలో ఉంటాయి. బయట్నుంచి చూస్తే ఏముంటుంది, గ్రానైట్ కొండ, దానికో తలుపంత కన్నం. లోపలికెళ్ళి ఫోన్ టార్చ్ వేశా. గోడలో నా మొహం కనిపించింది. జోక్ కాదు. కొండలోపల రాతిని అద్దంలా మెరుగుపెట్టారు, అదీ 2,200 ఏళ్ళకి పైగా ముందు. నాతో వచ్చినాయన గట్టిగా ఒక్క చప్పట్లు కొట్టాడు. ఆ శబ్దం గోడలకి తగిలి తిరుగుతూనే ఉంది, ఎప్పటికి ఆగుతుందా అని ఎదురుచూశా. ఇంగ్లిష్ రచయిత ఈ.ఎం. ఫార్‌స్టర్ 1924లో రాసిన 'ఎ పాసేజ్ టు ఇండియా' నవల్లో ఒక ప్రతిధ్వని ఒకావిడ జీవితాన్నే తలకిందులు చేస్తుంది కదా, ఆ గుహలకి మూలం ఇవే.

వీటిల్లో సుదామ అనే గుహ దగ్గర చిన్న బ్రాహ్మీ శాసనం ఉంది. ప్రియదర్శి రాజు, అంటే మన అశోకుడు, పట్టాభిషేకమైన 12వ ఏట ఈ గుహని ఆజీవికులకి ఇచ్చాడని దాని సారాంశం. పక్కనున్న విశ్వకర్మ గుహలో కూడా అదే ఏడాది అలాంటిదే ఇంకో శాసనం. లెక్క చూస్తే క్రీ.పూ. 257 ప్రాంతం. ఆ తర్వాత అశోకుడి మనవడు దశరథుడు అక్కడికి దగ్గర్లోనే నాగార్జుని కొండలో మూడు గుహలు ఇచ్చాడు. సూర్యచంద్రులు ఉన్నంత కాలం ఆజీవికులు వర్షాకాలంలో ఇందులో ఉండాలి అని చెక్కించాడు. ఒక్క విషయం, ఈ నాగార్జుని వేరు, మన నాగార్జునకొండ వేరు. కన్‌ఫ్యూజ్ అవకండి, నేను అయ్యా.

అశోకుడు బౌద్ధం వైపు వెళ్ళినవాడు. ఆయన ఏడో స్తంభ శాసనంలో కూడా ధర్మమహామాత్రులు చూసుకోవాల్సిన సంఘాల్లో బౌద్ధులు, బ్రాహ్మణులు, జైనులతో పాటు ఆజీవికుల పేరు పెట్టాడు. అంటే ఆ రోజుల్లో టాప్ నాలుగులో వీళ్ళున్నారన్నమాట. బుద్ధుణ్ణి నమ్మిన రాజు, బుద్ధుడు గట్టిగా తిట్టిన మతానికి అద్దాల్లాంటి గుహలు తవ్వించి ఇచ్చాడు! దీని గురించి ఎవరూ రీల్ చెయ్యరు.

తిట్టాడని ఊరికే అనలేదు. బౌద్ధ గ్రంథాల్లో బుద్ధుడు గోశాలుడి మతాన్ని మనుషుల వెంట్రుకలతో నేసిన కంబళితో పోలుస్తాడు. చలికాలంలో చల్లగా ఉంటుంది, ఎండాకాలంలో వేడెక్కుతుంది, పైగా కంపు. బట్టలన్నింట్లో అది ఎలా అధమమో, మతాలన్నింట్లో ఇది అలా అధమం అన్నమాట.

ఇంతకీ గోశాలుడు చెప్పిందేంటి? మనుషులు చెడిపోవడానికి కారణం లేదు, బాగుపడడానికీ కారణం లేదు. నీ బలం, నీ ప్రయత్నం, నీ పౌరుషం, ఇవేవీ పనిచెయ్యవు. ప్రతి జీవీ 84 లక్షల మహాకల్పాలు తిరగాలి. మంచోడైనా అంతే, దుర్మార్గుడైనా అంతే, తెలివైనోడైనా అంతే. తగ్గదు, పెరగదు. దారం ఉండ ఒకటి విసిరేశారనుకోండి, దారం ఎంతుంటే అంతదాకా విప్పుకుంటూ దొర్లుతుంది, అయిపోయాక ఆగుతుంది. మన బతుకు ఆ ఉండ. దీన్ని నడిపించేదాని పేరు నియతి.

గేమ్స్ ఆడేవాళ్ళకి దీన్ని ఇంకోలా చెప్తా. మైన్‌క్రాఫ్ట్‌లో వరల్డ్ సీడ్ ఉంటుంది కదా. అదే వెర్షన్‌లో అదే నంబర్ ఇస్తే అవే కొండలు, అవే నదులు. నువ్వు ఇంకా నడవని చోట ఉన్న గుహ కూడా అప్పటికే ఫిక్స్ అయిపోయి ఉంటుంది. నువ్వు అక్కడికి వెళ్ళి "కనిపెట్టా" అనుకుంటావు. గోశాలుడైతే ఇంకో అడుగు ముందుకేసి, అక్కడికి నువ్వు నడిచిన నడక కూడా ఆ సీడ్‌లోనే ఉంది అంటాడు.

కర్మ సిద్ధాంతం కూడా ఇదే కదా అని మీలో కొందరికి డౌట్ వస్తుంది. కాదు, సరిగ్గా దీనికి రివర్స్. కర్మ అంటే నువ్వు చేసిందే నీకొస్తుంది, అంటే చేసేవాడొకడు ఉన్నాడు, వాడి చేతిలో ఎంతోకొంత ఉంది. గోశాలుడు ఆ చేసేవాణ్ణే తీసేశాడు. అందుకే బౌద్ధులు, జైనులు ఒకళ్ళనొకళ్ళు ఎంత విమర్శించుకున్నా ఈయన విషయంలో మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు. మన ఇళ్ళల్లో మాత్రం కర్మ అనే మాట, రాత అనే మాట ఒకే వాక్యంలో కలిపి వాడేస్తాం, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆజీవికులు రాసుకున్న పుస్తకం ఒక్కటి కూడా మిగల్లేదు. మనకి తెలిసిందంతా బౌద్ధులు, జైనులు చెప్పిందే. అంటే మీ గురించి మీ ఎక్స్ చెప్పిన మాటలు మాత్రమే చరిత్రలో మిగిలాయనుకోండి, అలా. పేరునే చూడండి. మక్కలి అనేది కర్ర పట్టుకు తిరిగే సన్యాసి అనే అర్థమున్న మస్కరి నుంచి వచ్చిందని పండితుల అంచనా, పాణిని వ్యాకరణంలోనే ఆ మాట ఉంది. బౌద్ధ వ్యాఖ్యానం మాత్రం వేరే కథ చెప్తుంది. ఈయన పశువుల కొట్టంలో పుట్టిన బానిసంట, నూనె కుండ మోస్తూ బురదలో నడుస్తుంటే యజమాని 'జారకు' అనే అర్థం వచ్చే మాటతో హెచ్చరించాడంట, అయినా జారిపడ్డాడంట, అదే పేరైపోయిందంట. చెప్పినవాళ్ళకి ఈయనంటే ఎంత ఇష్టమో అర్థమవుతోంది కదా. 1951లో ఏ.ఎల్. బాషం అనే చరిత్రకారుడు ఈ ముక్కలన్నీ, శాసనాలతో సహా ఏరి, ఆజీవికుల మీద ఒక పెద్ద పుస్తకం వేశాడు. ఈ రోజుకీ ఎవరైనా మొదలుపెట్టేది దాంతోనే.

జైనుల భగవతీ సూత్రంలో ఉన్న నువ్వు మొక్క కథ నాకు చాలా ఇష్టం. దాని ప్రకారం గోశాలుడు ఆరేళ్ళు మహావీరుడి వెంట తిరిగాడు. ఒకరోజు ఇద్దరూ దారిలో వెళ్తుంటే ఒక నువ్వు మొక్క కనిపించింది. ఇది కాస్తుందా, దీని పూలలో ఉన్న జీవాలు ఏమవుతాయి అని గోశాలుడు అడిగాడు. కాస్తుంది, ఈ ఏడు పూల జీవాలు ఒకే కాయలో ఏడు గింజలవుతాయి అన్నాడు మహావీరుడు. గోశాలుడు ఏం చేశాడు? కాస్త వెనకబడి, గురువు చూడకుండా మొక్కని పీకి పారేశాడు. టెస్టింగ్! నాకైతే ఆయన మా క్యూఏ టీమ్‌లో మనిషిలా అనిపించాడు. తర్వాత వాన పడింది. పారేసిన మొక్క మట్టిలో మళ్ళీ వేరూనింది. కొన్నాళ్ళకి అదే దారిలో తిరిగొస్తూ, నువ్వు చెప్పింది తప్పయింది అని గోశాలుడు అన్నాడు. వెళ్ళి చూసుకో అన్నాడు మహావీరుడు. వెళ్ళి కాయ ఒలిచి చూస్తే, ఏడు గింజలు.

జైనులు ఈ కథ చెప్పేది మహావీరుడి జ్ఞానం గొప్పదని చూపించడానికి. కానీ గోశాలుడి వైపు నుంచి చూడండి. నేను కావాలని పీకాను, నా సొంత ఇష్టంతో పీకాను, అయినా ఏడు గింజలే. అంటే నా పీకడం కూడా లెక్కలోనే ఉంది! ఆ కాయ చేతిలో పట్టుకుని ఆయన ఎంతసేపు నిలబడి ఉంటాడా అని నేను చాలాసార్లు ఆలోచించా. ఆ తర్వాతే ఆయన విడిపోయి సొంత దారి పట్టాడు. శ్రావస్తిలో హాలాహల అనే కుమ్మరి స్త్రీ ఇంట్లో ఉండేవాడు. లాభం, నష్టం, సుఖం, దుఃఖం, బతుకు, చావు, ఈ ఆరూ ఎవరూ తప్పించుకోలేనివి అని చెప్పేవాడు.

కుమ్మరి అన్నాను కదా, ఇంకో కుమ్మరి కథ కూడా ఉంది. జైనుల ఉపాసకదశా సూత్రంలో సద్దాలపుత్రుడు అని ఒకడు. బాగా డబ్బున్న కుమ్మరి, పక్కా ఆజీవిక భక్తుడు. ఒకరోజు కుండలు ఎండబెడుతుంటే మహావీరుడు వచ్చి అడిగాడు. ఈ కుండలు ప్రయత్నం వల్ల అయ్యాయా, ప్రయత్నం లేకుండా అయ్యాయా? సద్దాలపుత్రుడు తడుముకోలేదు. ప్రయత్నం లేకుండానే, అన్నీ నియతమే అన్నాడు. సరే, ఎవరైనా వచ్చి ఈ కుండలు పగలగొట్టినా, ఎత్తుకెళ్ళినా, నీ భార్యతో తప్పుగా ప్రవర్తించినా ఏం చేస్తావు? తిడతా, కొడతా, ప్రాణం తీస్తా అన్నాడు. అదేంటి మరి, ప్రయత్నమే లేనప్పుడు వాడు చేసిందేముంది, వాణ్ణి కొట్టడమెందుకు అన్నాడు మహావీరుడు. సద్దాలపుత్రుడు ఆ రోజే జైనుడైపోయాడు.

సూపర్ దెబ్బ కదా? మొదటిసారి చదివినప్పుడు నేనూ అలాగే అనుకున్నా. ఇప్పుడు అంత ష్యూర్‌గా లేను. ఎందుకంటే పక్కా ఆజీవికుడైతే ఇలా అనొచ్చు. వాడు కుండ పగలగొట్టడం నియతి, నాకు కోపం రావడమూ నియతి, నేను కొట్టడమూ నియతి, నువ్వొచ్చి ఈ ప్రశ్న అడగడమూ నియతి. లాజిక్‌లో ఎక్కడా ఎర్రర్ రాదు. కాకపోతే ఆ జవాబు దేనికీ పనికిరాదు. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఒకే అవుట్‌పుట్ ఇచ్చే ఫంక్షన్ ఎప్పుడూ తప్పవదు, కానీ దాన్ని ఎవడూ వాడడు. మహావీరుడు గెలిచింది లాజిక్‌లో కాదని నా ఉద్దేశం. నీ వస్తువు పగిలినప్పుడు, నీ మనిషికి దెబ్బ తగిలినప్పుడు నువ్వు నిజంగా ఏం నమ్ముతున్నావో చూసుకో అన్నాడు. అక్కడ గెలిచాడు.

అదే గ్రంథంలో ఇంకోటి, స్పీడ్‌గా చెప్పేస్తా. కుండకోలిక అనే జైన గృహస్థు దగ్గరికి ఒక దేవుడొచ్చి గోశాలుడి మతమే గొప్పది, ప్రయత్నం అనేదే లేదు అన్నాడు. మరి నీకు ఈ దేవత్వం ప్రయత్నంతో వచ్చిందా, ఊరికే వచ్చిందా అని ఇతను అడిగాడు. ఊరికే అన్నాడు దేవుడు. అలాగైతే ఏ ప్రయత్నం చెయ్యనివాళ్ళంతా దేవుళ్ళెందుకు కాలేదు? దేవుడు నోరు మూసుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడ మీకు ఇంకో డౌట్ రావాలి. ప్రయత్నం దండగ అనుకునేవాళ్ళు తిని పడుకోవాలి కదా? ఆజీవికులు చేసింది సరిగ్గా దానికి రివర్స్. బట్టల్లేకుండా తిరిగేవాళ్ళు, ఘోరమైన ఉపవాసాలు, ఒళ్ళు హూనం చేసుకునే తపస్సు. అప్పటివాళ్ళకీ ఇది వింతగానే కనిపించింది. బహుశా వాళ్ళ దృష్టిలో తపస్సు మోక్షానికి వేసే మెట్టు కాదు, మోక్షానికి దగ్గరపడ్డవాడిలో దానంతటదే కనిపించే గుర్తు. పండు పండితే రంగు మారుతుంది, రంగు పూస్తే పండు పండదు. ఇది నేను ఊహించి చెప్తున్న పోలిక, వాళ్ళ పుస్తకంలోది కాదు. వాళ్ళ పుస్తకాలే లేవు కదా.

భవిష్యత్తు చెప్పడంలో కూడా వీళ్ళకి పేరుండేది. అశోకుడు రాజవుతాడని బిందుసారుడి రోజుల్లోనే ఒక ఆజీవికుడు గుర్తుపట్టాడని దివ్యావదానంలో కథ ఉంది. అదే దివ్యావదానంలో అశోకుడు ఒకే రోజు 18,000 మంది ఆజీవికుల్ని చంపించాడని కూడా ఉంది. ఒకవైపు ఆ కథ, ఇంకోవైపు రాతిలో చెక్కిన దానశాసనాలు. నేనైతే రాయినే నమ్ముతా.

ఇక వాళ్ళెలా పోయారంటే, ఉత్తరంలో మెల్లగా కనుమరుగయ్యారు. బరాబర్, నాగార్జుని శాసనాల్లో కొన్నిచోట్ల ఆజీవికులు అన్న పేరు ఉన్నచోటే రాయి చెక్కేసి ఉంది. ఎవరో కావాలని చేసిన పని. తర్వాత మౌఖరి వంశపు అనంతవర్మ అనే ఆయన అవే గుహల్లో కృష్ణుడి విగ్రహం, కాత్యాయని విగ్రహం పెట్టించానని తన శాసనాలు చెక్కించుకున్నాడు. సూర్యచంద్రులు ఇంకా ఉన్నారు, గుహలో ఉండాల్సినవాళ్ళే లేరు. దక్షిణంలో మాత్రం చాలాకాలం మిగిలారు. తమిళంలో మణిమేఖలై, నీలకేశి రెండింట్లోనూ ఆజీవిక గురువులతో వాదనలున్నాయి. చోళుల కాలం శాసనాల్లో ఆజీవకకాశు అని పన్ను కనిపిస్తుంది. మన నెల్లూరు ప్రాంతానికి చెందిన పల్లవరాజు సింహవర్మ రాగిరేకుల్లో, అంటే 5వ శతాబ్దంలోనే, పన్నుల లిస్టులో ఆజీవిక అనే మాట ఉంది. దాన్ని బాషం ఆజీవికుల మీద వేసిన పన్నుగానే చదివాడు. కమ్మరి మీద పన్ను, అంగడి మీద పన్ను, విధిని నమ్మినవాళ్ళ మీద పన్ను! 14వ శతాబ్దం దాటాక ఆ పేరు ఇక వినపడదు.

కానీ మనుషులు ఈ మాటని ఇన్ని వందల ఏళ్ళు ఎందుకు పట్టుకున్నారు? బుద్ధుడు చెప్పినంత కంపు కంబళి అయితే ఎప్పుడో విసిరేసేవాళ్ళు కదా. దీనికి నాకు దొరికిన జవాబు ఇంకో కథలో ఉంది. బౌద్ధుల దీఘనికాయంలో సామఞ్ఞఫల సుత్తం అని ఒకటుంది. గోశాలుడి దారం ఉండ పోలిక మనకి దొరికేది అందులోనే.

కార్తీక పున్నమి రాత్రి. మగధ రాజు అజాతశత్రువు మేడ మీద కూర్చున్నాడు. వెన్నెల ఎంత బాగుందో అంటాడు. ఈ రాత్రి ఎవరి దగ్గరికి వెళ్తే నా మనసు నెమ్మదిస్తుంది అని మంత్రుల్ని అడుగుతాడు. ఒక్కో మంత్రి ఒక్కో గురువు పేరు చెప్తాడు, గోశాలుడి పేరు కూడా. రాజు మాట్లాడడు. చివరికి వైద్యుడు జీవకుడు, బుద్ధుడు నా మామిడితోటలోనే ఉన్నాడు అంటాడు. ఏనుగుల మీద బయల్దేరతారు. తోట దగ్గరపడేకొద్దీ రాజుకి భయం పట్టుకుంటుంది. వందలమంది భిక్షువులు ఉన్నారన్నావు, ఒక్క దగ్గు వినపడదు, ఒక్క తుమ్ము వినపడదు, నన్ను శత్రువులకి అప్పజెప్తున్నావా అని జీవకుణ్ణి అడుగుతాడు. అంత నిశ్శబ్దం ఆయన్ని ఎందుకు భయపెట్టిందంటే, ఆయన సింహాసనం ఎక్కింది సొంత తండ్రి బింబిసారుణ్ణి చంపి.

ఆ రాత్రి బుద్ధుడితో రాజు చెప్తాడు, ఇంతకుముందు ఆరుగురు గురువుల్ని అడిగాను అని. పూరణ కస్సపుడు ఎంతమందిని చంపినా పాపమే లేదన్నాడు. గోశాలుడు అంతా నియతి అన్నాడు. మిగతావాళ్ళూ తలా ఒకటి చెప్పారు. మామిడి గురించి అడిగితే పనస గురించి చెప్పినట్టు ఉందని రాజు బాధ. గమనించారా? తండ్రిని చంపిన మనిషి. నీ తప్పేమీ లేదు, అది అలా జరగాల్సి ఉంది అనే మాట వాళ్ళ నోటి నుంచే విన్నాడు. అంతకన్నా చల్లని మాట ఇంకేముంటుంది? అయినా ఆయనకి నిద్ర పట్టలేదు.

ఇక్కడ నా సంగతి చెప్తా అన్నాను కదా. ఒక గురువారం రాత్రి మా నాన్న ఫోన్ చేశాడు. మాది తెనాలి దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, ఆ వారం మాకు రిలీజ్. ఛాతీలో మంటగా ఉందిరా, ఎడమ చెయ్యి కూడా కొంచెం లాగుతోంది అన్నాడు. గ్యాస్ అయ్యుంటుంది నాన్నా, టాబ్లెట్ వేసుకో, ఆదివారం నేనొచ్చి గుంటూరులో చూపిస్తా అన్నా. సరే నాన్నా, నువ్వు పని చూసుకో అన్నాడు. నలభై సెకన్ల కాల్. ఇప్పటికీ కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది. శనివారం తెల్లారుజామున పోయాడు.

పెద్దకర్మ రోజు దాకా ఇంటికొచ్చిన ప్రతి ఒక్కళ్ళూ అదే మాట. ఆయన రాత అంతవరకే. అమ్మ అయితే నన్ను పట్టుకుని, మన చేతుల్లో ఏముందిరా నాన్నా, ఎంతవరకు రాసుంటే అంతవరకే అని మళ్ళీ మళ్ళీ అనేది. ఆ మాట అనగానే కాసేపు ఊపిరాడేది, నిజం. అందుకే ఆజీవికుల్ని నేను వెక్కిరించలేను. పిల్లల్ని మట్టిలో పెట్టి ఇంటికొచ్చిన తల్లులు, కరువులో పంటలు పోయిన రైతులు ఎంతమంది ఆ గుహల ముందు కూర్చుని ఆ మాట విని ఉంటారో. నీ తప్పు కాదమ్మా అని చెప్పేవాడు ఒకడు కావాలి మనిషికి. మోక్షం, కల్పాలు, అవన్నీ తర్వాత సంగతి.

కానీ నాకు రాత్రికల్లా ఆ ఊరట పోయేది. ఎందుకంటే నాన్న నాకు ఫోన్ చేశాడని అమ్మకి తెలియదు. తెలియని తప్పుని ఆమె క్షమిస్తోంది. అది నాదాకా ఎలా వస్తుంది?

రమణ మహర్షి విషయంలో కూడా ఒక తల్లి ఉంది. 1898 చివర్లో వాళ్ళమ్మ అళగమ్మాళ్ తిరువణ్ణామలై వెళ్ళి ఇంటికి రమ్మని రోజుల తరబడి ఏడ్చింది. ఆయన మౌనంలో ఉన్నాడు. ఒక కాగితం మీద రాసిచ్చాడు, ఎవరి ప్రారబ్ధాన్ని బట్టి వాళ్ళని నడిపించేవాడు నడిపిస్తాడు, జరగనిది ఏంచేసినా జరగదు, జరిగేది ఆపినా ఆగదు, ఊరకుండడమే మేలు, ఆ అర్థం వచ్చేలా. మహర్షి భక్తులు కోప్పడకండి, ఆ కాగితం వెనకాల వేదాంతం వేరు, ప్రారబ్ధం కర్మ నుంచి వచ్చేది, గోశాలుడి నియతి కాదు. నేను చూసేది ఒక్కటే. అదే మాట మా అమ్మ నాకు చెప్తే ఓదార్పు. అక్కడ కొడుకు తల్లికి చెప్పాడు, తల్లి ఒంటరిగా ఇంటికి తిరిగెళ్ళింది. ఎవరు ఎవరికి చెప్తున్నారో చూడకుండా విధి గురించి మాట్లాడుకోవడం నాకు ఇప్పుడు కుదరట్లేదు.

అజాతశత్రువు దగ్గరికి వద్దాం. బుద్ధుడు చెప్పిందంతా విన్నాక ఆయన లేచి, నేను తప్పు చేశాను, ధర్మంగా బతికిన నా తండ్రి ప్రాణం తీశాను అని నోటితో చెప్పాడు. బుద్ధుడు పర్లేదులే అనలేదు. రాత అనలేదు. అవును, తప్పు చేశావు, తప్పుని తప్పుగా చూశావు కాబట్టి ఒప్పుకోలు స్వీకరిస్తున్నా అన్నాడు. రాజు వెళ్ళిపోయాక భిక్షువులతో, ఈయన తనని తానే దెబ్బతీసుకున్నాడు, తండ్రిని చంపకపోయి ఉంటే ఈ ఆసనం మీదే ధర్మాన్ని చూసే కన్ను తెరుచుకునేది అన్నాడు. మాఫీ లేదు. అయినా తర్వాతి కాలపు వ్యాఖ్యానంలో ఒక చిన్న మాట ఉంది. తండ్రి చనిపోయినప్పటి నుంచి నిద్రలేని ఆ రాజు, ఆ రాత్రి తర్వాతే నిద్రపోయాడంట.

బరాబర్ నుంచి గయ వచ్చి లాడ్జిలో పడుకున్నా. పదకొండు దాటింది. అమ్మకి ఫోన్ చేశా. అమ్మా, నాన్న ఆ గురువారం నాకు ఫోన్ చేశాడు, చెయ్యి లాగుతోందన్నాడు, నేను గ్యాస్ అన్నా అని చెప్పేశా. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. కట్ అయిందనుకుని హలో అన్నా.

అమ్మ అంది, "ఆ రాత్రి నాక్కూడా చెప్పాడురా. మజ్జిగ తాగి పడుకోండి, పొద్దున చూద్దాం అన్నా. పొద్దున బాగానే ఉందన్నాడు. నీకు చెప్తే నన్నేమనుకుంటావోనని..."

రెండేళ్ళు. ఇద్దరం. ఆమె నన్ను పట్టుకుని రాత అన్న ప్రతిసారీ నాకు చెప్తోందనే అనుకున్నా.

గ్రూప్స్ తమ్ముడూ, నీకు ఇంకా రిప్లై పెట్టలేదు. ఈ ఎపిసోడే రిప్లై అనుకో. మూడోసారి అప్లై చెయ్యాలా వద్దా అనేది జాతకం చూసినాయనా చెప్పలేడు, నేనూ చెప్పలేను. ఆ పెద్దాయన్ని మాత్రం ఒకటి అడుగు, ఇంతకుముందు ఎవరికైనా యోగం ఉందని చెప్పి రాకపోతే అప్పుడేమన్నారో. వచ్చే ఎపిసోడ్‌లో నెల్లూరు రాగిరేకులు, పల్లవుల పన్నులు చూద్దాం. ఉంటా.